రెండు గీతల అక్షరానికి తొమ్మిది వారాలు

ఈ కేసులోని విద్యార్థిని హైదరాబాద్‌లో ఒక బల్క్ డ్రగ్ కంపెనీ కొనుగోళ్ళ విభాగంలో పనిచేస్తారు. ముడిసరుకులో చాలా భాగం చైనా నుంచి వస్తుంది కాబట్టి అక్కడి సరఫరాదారులతో మెయిళ్ళు నడపడం ఆమె రోజువారీ పని. పైకి కనిపించే మెయిల్ ఇంగ్లీషులోనే ఉంటుంది. దాని అడుగున, సరఫరాదారుడూ అతని షిప్పింగ్ ఏజెంటూ తమలో తాము చైనీస్‌లో రాసుకున్న నాలుగు ముక్కలు చెరిపెయ్యకుండా మిగిలిపోతాయి. అసలు సంగతి ఎప్పుడూ ఆ అడుగు ముక్కల్లోనే ఉంటోందని గ్రహించి ఆమె సొంత డబ్బుతో చైనీస్ మొదలుపెట్టారు. నా దగ్గరికి వచ్చేనాటికి ఒక యాప్‌తోనూ ఒక ఇంగ్లీషు పాఠ్యపుస్తకంతోనూ ఏడాదిన్నర చదివి, చైనీస్ భాషా ప్రావీణ్యానికి పెట్టే హెచ్‌ఎస్‌కే పరీక్షలో రెండో స్థాయి దాటారు. శని, ఆదివారాల్లో పొద్దున గంట చొప్పున ఆన్‌లైన్‌లో పాఠం చెప్పాను. ఆమె అనుమతితోనే, గుర్తుపట్టే వివరాలు తీసేసి ఈ కేసు రాస్తున్నాను.

ఆమెను నా దగ్గరికి పంపింది ఒక పొరపాటు. ఒకనాటి మెయిల్ అడుగున "హ్వో ఖ్వాయ్ తావ్ కాంగ్ ల" అని ఐదు అక్షరాల వాక్యం కనిపించింది. హ్వో అంటే సరుకు, తావ్ అంటే చేరడం, కాంగ్ అంటే రేవు. ఖ్వాయ్ అంటే త్వరగా అని ఆమె నేర్చుకున్నారు, చివరి 'ల' భూతకాలానికి గుర్తు అని పుస్తకం చెప్పింది. ఇవన్నీ కలుపుకుని "సరుకు త్వరగానే రేవుకు చేరింది" అని అర్థం చేసుకుని స్టోర్స్‌కు కబురు పెట్టారు, ముంబై దగ్గరి నవా షేవా రేవు నుంచి లారీ కూడా మాట్లాడేశారు. మర్నాడు క్లియరింగ్ ఏజెంటు ఫోన్ చేసి, ఓడే ఇంకా రాలేదు కదండీ, లారీ ఎవరికోసమని అడిగారు. ఆ వాక్యానికి అసలు అర్థం "సరుకు రేవుకు వచ్చేస్తోంది" అని. నష్టం లారీ బయానాతో సరిపోయింది. అయినా మొదటి పాఠంలో ఆమె నాతో అన్నమాట ఇది: "ఐదూ నాకు తెలిసిన అక్షరాలే సార్. రెండు గీతలున్నదే ముంచింది."

వాక్యం చివరనున్న ఆ రెండు గీతల అక్షరం 'ల' (了) చైనీస్ రాతలో అత్యధికంగా కనిపించే మొదటి పది అక్షరాల్లో ఒకటి. 2010 నాటి హెచ్‌ఎస్‌కే ప్రణాళికలో మొదటి స్థాయికి పెట్టిన 150 మాటల్లోనే ఇది ఉంది, అంటే చదువు మొదలైన కొద్ది వారాల్లోనే ఎదురవుతుంది. దీనికి రెండు ఉచ్చారణలు. మూడో స్వరంతో (చైనీస్‌లో పలికేటప్పటి గొంతు ఎత్తుపల్లాలను స్వరాలంటారు, వాటిని బట్టి అర్థం మారుతుంది) 'లియావ్' అని పలికితే ముగియడం, తెలియడం అన్న పాత అర్థాలు వస్తాయి. స్వరం లేకుండా తేలిగ్గా 'ల' అని పలికితే దానికి విడిగా అర్థమేమీ ఉండదు, క్రియ వెంటనో వాక్యం చివరనో నిలబడి ముందున్నదాని తీరు మారుస్తుంది. ల్యూ షూశియాంగ్ వంటి చైనీస్ వ్యాకర్తలు ఈ తేలిక ఉచ్చారణలోనే మళ్ళీ రెండు రకాలు చూపారు. క్రియకు అంటిపెట్టుకుని పని పూర్తయిందని చెప్పేది ఒకటి, వాక్యం చివర నిలిచి పరిస్థితి మారిందని చెప్పేది మరొకటి. క్రియతోనే వాక్యం ముగిసిపోతే ఆ రెండూ ఒకే చోట కలిసిపోయి, ఏది ఏదో విడదీయడం చైనావారికే కష్టమవుతుంది.

ముందుగా రాత పరీక్షించాను. "అందరూ టైపే కదండీ చేస్తారు, చేతిరాత ఎందుకు" అని ఆమె అడిగారు. ఆ ప్రశ్న సబబైనదే. పిన్‌యిన్, అంటే చైనీస్ ఉచ్చారణను రోమన్ అక్షరాల్లో రాసే పద్ధతి, దాని కీబోర్డులో రెండు ఇంగ్లీషు అక్షరాలు కొడితే ఇది మొదటి ఎంపికగానే వచ్చి నిలబడుతుంది. కానీ ఏ అక్షరంలోనైనా గీతలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో చేతికి తెలియకపోతే, ఒకేలా కనిపించే అక్షరాల మధ్య కన్ను తడబడుతుందని నా అనుభవం. అదీగాక చైనీస్ రాతలో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. ఇది ఎవరి వెంట నిలబడిందో కన్నే చప్పున పట్టుకోవాలి.

ఆమె ఒక నోటుబుక్కు కెమెరా ముందు పెట్టారు. పేజీ నిండా అదే అక్షరం, ఇరవై వరుసలు. మొదటి వరుస ఫర్వాలేదు, పద్నాలుగో వరుసకు వచ్చేసరికి ప్రతిదీ మూడు అంకెలా గుండ్రబడింది. తెలుగు రాసే చేయి చేసే పనే అది. మన అక్షరాలు కలం ఎత్తకుండా సుడి తిప్పుకుంటూ పోతాయి, మనకు మూల అంటే మలుపు. చైనీస్ గీత అలా కాదు, మూల దగ్గర కలం ఒక్క క్షణం ఆగి, నొక్కి, దిశ మార్చుకుంటుంది. ఇక్కడ మొదటి గీత ఎడమ నుంచి కుడికి అడ్డంగా, కాస్త పైకి లేస్తూ వెళ్ళి, ఆగి, ఎడమ కిందికి వాలుగా విరుగుతుంది. రెండో గీత ఆ వాలు ఆగినచోట పుట్టి నిట్టనిలువుగా దిగి, అడుగున మళ్ళీ ఆగి, ఎడమ పైకి చిన్న కొక్కెంలా విదిలిస్తుంది. ఈ రెండు ఆగుళ్ళూ ఆమె చేతిలో లేవు. చైనావారు వేగంగా రాసేటప్పుడు రెండు గీతల్నీ కలిపి ఒక్క ఊపులో రాస్తారన్నది నిజమే, కానీ ఆ ఊపులో కూడా మూల కనిపిస్తుంది.

వాలు గీత పోతే ఇది మరో అక్షరమైపోతుంది. అడ్డగీత కింద నేరుగా కొక్కెం పెడితే 'తింగ్' అనే అక్షరం, అది చైనాలో ఒక ఇంటిపేరు కూడా. నిలువు గీత మీదుగా ఒక అడ్డగీత అదనంగా పడితే పిల్లవాడు అని అర్థమున్న మూడు గీతల అక్షరం. (దాని ఉచ్చారణ, చలి అనే మాటలో మనం పలికే దంత్య చకారానికి చాలా దగ్గర. తెలుగువారికి ఇది ఉచితంగా దొరికిన వరం.) క్రీస్తుశకం 100 ప్రాంతంలో షూ షెన్ కూర్చిన 'ష్వోవెన్ చ్యేౘ' నిఘంటువు మన రెండు గీతల అక్షరాన్ని, చేతులు లేని పిల్లవాడి అక్షరంగా వర్ణించింది. ఈ మాట చెప్పగానే ఆమె, "పొత్తిళ్ళలో చుట్టిన బిడ్డన్నమాట, చేతులు లోపలున్నాయి" అన్నారు. అది నిఘంటువు చెప్పిన వ్యుత్పత్తి కాదు, ఆమె సొంత ఊహ. అయినా ఆ తర్వాత ఈ రెండు అక్షరాల మధ్య ఆమె ఒక్కసారీ పొరబడలేదు, అందుకే నేను సరిదిద్దలేదు.

పేజీలకు పేజీలు నింపే అభ్యాసం మాన్పించాను. నిలువుగా, అడ్డంగా గీతలు పడి నాలుగు గదులైన చతురస్రాల కాగితం మీద, రోజుకు పన్నెండు సార్లు మాత్రమే, అదీ ఒంటరిగా కాకుండా మాటలో పెట్టి రాయమన్నాను: 'హావ్ ల', 'తావ్ ల', 'లై ల'. నిలువు గీత గడి మధ్యగీత మీదే దిగాలి. మధ్యమధ్య తింగ్, పిల్లవాడు కలిపి రాయాలి. రెండు వారాల్లో మూల కుదిరింది. కొక్కెం మాత్రం చివరిదాకా కాస్త బద్ధకంగానే ఉండిపోయింది.

ఉచ్చారణ మీద ఎక్కువసేపు గడపలేదు గానీ ఒక విషయం చెప్పాలి. 1958లో చైనా ఆమోదించిన పిన్‌యిన్ లిపిలో ఇది ఎల్, ఇ అని రెండు రోమన్ అక్షరాలు. తెలుగువారి కన్ను దాన్ని 'లేదు'లోని 'లే' అని చదువుతుంది. అసలు ధ్వని 'కల'లో చివరి అక్షరాన్ని నోరు సగమే తెరిచి వదిలేసినట్టుంటుంది. ఒత్తి 'లే' అనడంవల్ల ఆమె మాట, సంతోషం అన్న మాటలో వచ్చే నాలుగో స్వరపు అక్షరంలా వినబడేది. 'ఖ్వాయ్' పక్కన అది వస్తే ఆనందం, మన తేలిక అక్షరం వస్తే "ఇదిగో అయిపోవచ్చింది". పుట్టినరోజు శుభాకాంక్షల్లో ఒక దాని బదులు మరొకటి టైపు చేస్తే "పుట్టినరోజు దగ్గరపడింది" అని చెప్పినట్టవుతుంది. ఇది చెప్పగానే ఆమె పాత మెసేజీ ఒకటి వెతికి, నిశ్శబ్దంగా కెమెరాకు చూపించారు.

ఇక వాడుక. అసలు చిక్కు ఇక్కడే. ఇరవై తెలుగు వాక్యాలిచ్చి చైనీస్‌లో రాయమన్నాను. పదకొండు తప్పాయి, ఆ పదకొండులో చాలావాటికి ఒకటే మూలం. తెలుగు వాక్యంలో క్రియ భూతకాలంలో ఉంటే చాలు, ఆమె ముందు దాన్ని ఇంగ్లీషులోకి తిప్పుకుని, అక్కడ భూతకాలపు క్రియ కనబడగానే దాని బదులు ఈ అక్షరం పెడుతున్నారు. నిన్న మెయిల్ రాలేదు అనే వాక్యంలో కూడా అది ఉంది. పోయినేడు రోజూ లైబ్రరీకి వెళ్ళేదాన్ని అన్నదానిలోనూ ఉంది. మరోపక్క, వానొస్తోంది అన్నప్పుడు ఉండాల్సింది, లేదు.

ఈ పద్ధతి ఆమెకు అంటించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి కావచ్చు. ఆమెకు కాకపోయినా ఆమెలాంటివారికి, మొదటి నాలుగేళ్ళూ నేను ఇంగ్లీషు పుస్తకాల్లో ఉన్నట్టే, క్రియకు ఇది చేరిస్తే గడిచిన కాలం అని చెప్పాను. తెలుగు నోట్లో పెట్టుకుని ఇంగ్లీషు మెట్లమీదుగా చైనీస్ ఎక్కించడం ఎంత పెద్ద చుట్టుదారో ఈ కేసులోనే నాకు పూర్తిగా అర్థమైంది. అందువల్ల మూడో వారంలో ఒక షరతు పెట్టాను: పాఠంలో భూతకాలం అనే మాట వాడకూడదు, ఇంగ్లీషు వాక్యం రాసుకోకూడదు, తెలుగులో ఏమంటామో అదే పైకి చదవాలి.

లేదు అనే మాటతో మొదలుపెట్టాను. డబ్బు లేదు అన్నప్పుడు అది ఉనికిని కాదంటుంది, నిన్న వెళ్ళలేదు అన్నప్పుడు జరిగిన పనిని కాదంటుంది. ఒకే మాట రెండు పనులు చేస్తోంది. చైనీస్‌లో 'మేయ్' సరిగ్గా ఈ రెండు పనులే చేస్తుంది. ఇప్పుడు 'వెళ్ళాను', 'వెళ్ళలేదు' పక్కపక్కన పెట్టి చూడమన్నాను. వెళ్ళానులో ఉన్న గుర్తు వెళ్ళలేదులో ఎక్కడుంది? లేదు చేరగానే ఆ గుర్తు తప్పుకుంది. చైనీస్‌లోనూ అంతే, మేయ్ వచ్చి పని జరగలేదని చెబితే ఇక క్రియ వెంట వచ్చే 'ల'కు చోటు లేదు. మెయిల్ రాలేదు అంటే 'మేయ్ షోవ్ తావ్', అక్కడితో సరి. ఆమె అరనిమిషం మాట్లాడలేదు. తర్వాత, "ఇది పుస్తకంలో మినహాయింపు అని బాక్సులో పెట్టి ఇచ్చారు సార్, మనకు ఇదే మామూలు పద్ధతి కదా" అన్నారు. ఆ తప్పు మళ్ళీ రాలేదు.

మేయ్ ఉనికిని కాదనే వాక్యంలో మాత్రం చివర ఈ అక్షరం రావచ్చు, అప్పుడు అర్థం మారుతుంది. 'మేయ్ హ్వో' అంటే సరుకు లేదు, 'మేయ్ హ్వో ల' అంటే సరుకు అయిపోయింది. మొదటిది విన్న కొనుగోలుదారు వేరే చోటు వెతుక్కోవాలి. రెండోది వింటే, మొన్నటిదాకా ఉండేది కాబట్టి మళ్ళీ ఎప్పుడొస్తుందని అడగొచ్చు. కొనుగోళ్ళ ఉద్యోగికి ఈ తేడా వ్యాకరణం కాదు, బేరం. అలాగే 'పూ ఛ్యూ' అంటే వెళ్ళను, 'పూ ఛ్యూ ల' అంటే ఇక వెళ్ళను, వెళ్దామనుకున్నది మానుకున్నాను అని.

అక్కడి నుంచి నా పాఠానికి కేంద్రమైన జంటకు వచ్చాము: తెలుసు, తెలిసింది. ఎవరైనా కొత్త కబురు చెబితే మనం తెలుసు అనం, అలా అంటే నువ్వు చెప్పేదేంటి అన్నట్టుంటుంది. తెలిసింది అంటాం, లేదా సరే అంటాం. చైనీస్‌లో 'చర్‌తావ్' తెలుసుకు సమానం, 'చర్‌తావ్ ల' తెలిసిందికి సమానం. సరఫరాదారు కొత్త తేదీ పంపినప్పుడల్లా ఆమె ఆ చివరి అక్షరం లేకుండానే జవాబిస్తూ వచ్చారు, అంటే ఏడాదిగా ప్రతి కబురుకూ "తెలుసులెండి" అంటున్నారన్నమాట. ఛింగ్ వంశపు చక్రవర్తి ఖాంగ్‌శీ తన అధికారులు పంపిన నివేదికల మీద ఎర్ర సిరాతో ఇవే మూడు అక్షరాలు రాసేవాడు, తెలిసింది అని. 2013లో తైపే జాతీయ ప్యాలెస్ మ్యూజియం ఆ చేతిరాతను అంటించే టేపు మీద అచ్చువేసి అమ్మితే దానికి విపరీతమైన గిరాకీ వచ్చింది. చక్రవర్తి కూడా చివరి అక్షరం మరవలేదని చెబితే ఆమె ఆ మూడు అక్షరాలూ కాగితం మీద ఎర్ర పెన్నుతో రాసి మానిటర్‌కు అంటించుకున్నారు.

ఈ జంట కుదిరాక, వాక్యం చివరి అక్షరానికి ఒక పనిముట్టు ఇవ్వగలిగాను. తెలుగు వాక్యంలో అయింది, అయిపోయింది, వచ్చేసింది వంటి మార్పు ధ్వని ఉందా అని అడుగు. పెళ్ళయింది, అర్థమైంది, ధర మరీ ఎక్కువైపోయింది, అన్నిటికీ చైనీస్‌లో చివర 'ల' ఉంది. ఆఖరిది 'థాయ్ క్వేయ్ ల', బేరమాడేవారి మొదటి పాఠం.

ఇక్కడికి వచ్చాక ఆ నవా షేవా వాక్యం మళ్ళీ బల్ల మీద పెట్టాను. రైల్లో సామాను సర్దుకుంటూ మనవాళ్ళు, "కాజీపేట వచ్చేసింది, లేవండి" అంటారు. రైలు అప్పటికి ప్లాట్‌ఫారం కూడా తాకదు. లోపల్నుంచి అమ్మ పిలిస్తే కదలకుండానే వచ్చేశా అని అరుస్తాం. చైనాలో హోటల్లో సర్వరును పిలిస్తే అతను వంటింటి గుమ్మంలోంచే 'లై ల' అంటాడు, ఇంకా రాలేదు. పని పూర్తయిందని కాదు, పరిస్థితి ఆ మలుపు తిరిగిందని ఆ మాటకు భావం. దానికి ముందు ఖ్వాయ్ కూడా చేరితే మలుపు ఇంకా కాస్త దూరంలో ఉందని అర్థం: 'ఖ్వాయ్ తావ్ ల', వచ్చేస్తోంది. ఖ్వాయ్‌కు అక్కడ త్వరగా అనే అర్థం కాదు, చివరి అక్షరంతో జతకట్టి రెండు చేతుల్లా వాక్యాన్ని పట్టుకుంటుంది. "కాజీపేట వచ్చేసిందని నేను లారీ పంపాను" అని ఆమె నవ్వారు. మెయిళ్ళలో ఖ్వాయ్ గాని, జరగబోతోందని చెప్పే 'యావ్' గాని కనబడితే పెన్సిల్‌తో దాని నుంచి చివరి 'ల' దాకా ఒక గీత గీయాలని నియమం పెట్టుకున్నాము. ఆ గీత పడితే ఓడ ఇంకా నీళ్ళలోనే ఉందని లెక్క.

క్రియ వెంట వచ్చే రకానికి రెండు వారాలు పట్టింది. రెండేళ్ళు చైనీస్ నేర్చుకున్నాను, చైనీస్ మొదలుపెట్టి రెండేళ్ళయింది: మొదటి వాక్యంలో చదువు ఎప్పుడో ఆగిపోయి ఉండొచ్చు, రెండోదానిలో ఇంకా సాగుతోంది. చైనీస్‌లో 'వో శ్వే ల లియాంగ్ న్యేన్ హాన్‌యూ' అంటే మొదటిది. దాని చివర ఇంకో 'ల' పెడితే రెండోది. ఒకటే వాక్యం, ఒకటే అదనపు అక్షరం, తెలుగులో ఆ అక్షరం చేసే పనిని అయింది చేస్తోంది. ఎన్ని రోజులైంది అని మనం అడిగే చాలా ప్రశ్నలకు ఈ జంట అక్షరాల వాక్యం సరిపోతుంది. ఆమె దాన్ని ఆలస్యమైన సరుకుల గురించి నిలదీయడానికి వెంటనే వాడుకున్నారు.

జరగబోయే పనిలోనూ ఇది వస్తుందనగానే చాలామంది విద్యార్థులు చిరాకుపడతారు. 'ఛర్ ల ఫాన్ చ్యోవ్ ఛ్యూ' అంటే అన్నం తిని వెళ్తాను. వెళ్ళడమే ఇంకా జరగలేదు, తినడమూ జరగలేదు, అయినా తినడం వెంట అది ఉంది. తెలుగులో 'తిని' కూడా అంతే, వెళ్తాను అనే భవిష్యత్తు ముందు ఏ పేచీ లేకుండా కూర్చుంటుంది. ఒకటి ముగిశాకే రెండోది అని చెప్పడమే దాని పని.

అయితే ఈ పోలిక పట్టుకుని ఆమె, బజారుకెళ్ళి కూరలు కొన్నాను అన్నదానిలో 'వెళ్ళి' వెంట కూడా ఆ అక్షరం పెట్టారు. అది తప్పు, అక్కడ కొనడం వెంటే రావాలి. ఇక్కడ నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు, వారం గడువు తీసుకున్నాను. చివరికి ఇద్దరం కలిసి ఒక పరీక్ష తయారుచేశాము. 'తిని' తీసేసి 'తిన్నాక' పెట్టి చూడాలి. అన్నం తిన్నాక వెళ్తాను, అర్థం చెడలేదు, కాబట్టి అక్షరం పెట్టొచ్చు. బజారుకెళ్ళాక కూరలు కొన్నాను అంటే మాత్రం వాక్యం వేరే దారి పట్టింది, వెళ్ళింది కొనడానికేనన్న భావం పోయింది, కాబట్టి అక్కడ పెట్టకూడదు. ఈ పరీక్ష అన్నిచోట్లా నిలబడదు, అయినా ఆమె మెయిళ్ళకు నిలబడింది.

తెలుగు మోసం చేసే చోట్లు కూడా ఉన్నాయి, వాటిని దాచిపెడితే పాఠం అబద్ధమవుతుంది. మీ శాంపిల్ నచ్చింది అంటాం. మన రూపం చూస్తే జరిగిపోయిన పనిలా ఉంటుంది, చైనీస్‌లో 'శీ హ్వాన్' అన్న క్రియకు మామూలుగా ఏ అక్షరమూ చేరదు, అది స్థితి. నిన్న చాలా సంతోషంగా ఉన్నాను అన్నదీ అంతే. అతను రేపు పంపుతానని చెప్పాడు అన్నప్పుడు చెప్పాడు వెంట ఆమె చెయ్యి ఆగదు, కానీ ఒకరు అన్నమాటను చెబుతున్నప్పుడు 'ష్వో' ఒంటరిగానే నిలుస్తుంది. దీనికి వ్యతిరేకంగా, ఆకలేస్తోంది, వానొస్తోంది అని మనం వర్తమానంలో అనేచోట చైనావారు 'అ ల', 'ష్యా యూ ల' అంటారు, ఇందాక లేని ఆకలి, ఇందాక లేని వాన ఇప్పుడు మొదలైందని. వెళ్ళేదాన్ని, ఉండేది అనే అలవాటు రూపాలు మాత్రం మనకు చాలా మేలు చేస్తాయి. తెలుగులో ఆ రూపం వస్తే చైనీస్‌లో ఏమీ పెట్టనక్కర్లేదని ఒక్క పాఠంలో తేలిపోయింది.

మిగిలిన ఉచ్చారణ, 'లియావ్', ఎక్కువ సమయం తీసుకోలేదు. వ్యాపారపు మెయిళ్ళలో అది 'లియావ్ చ్యే', వివరాలు తెలుసుకోవడం, అనే మాటలోనూ, చెయ్యలేము, తట్టుకోలేము అనే రకం మాటల్లోనూ వస్తుంది. కోసం అనే 'వేయ్ ల', తప్ప అనే 'ఛూ ల' మాటల్లో తేలిక ఉచ్చారణే ఉన్నా అది కాలంతోగాని మార్పుతోగాని సంబంధం లేకుండా మాటలో అతుక్కుపోయి ఉంటుంది. వీటిని ఒక్కటిగా మింగెయ్యమన్నాను, విప్పి చూడొద్దన్నాను. ఒక నానుడి మాత్రం ఆమెకు నచ్చింది, 'పూ లియావ్ లియావ్ చర్', తేల్చకుండానే తేలిపోయిందనిపించి వదిలేయడం. ఒకే అక్షరం వెంటవెంటనే రెండుసార్లు, మధ్యలో గీత ఖాళీ కూడా లేకుండా ఉంటుంది. తమ కంపెనీలో ఒక పాత క్లెయిము ఫైలు మీద ఇది రాసి పెట్టాలన్నారు.

తొమ్మిదో వారంలో మొదటిసారిలాంటివే ఇరవై కొత్త వాక్యాలిచ్చాను. నాలుగు తప్పాయి. రెండు, చెప్పాడు వెంట పెట్టినవే. ఒకటి నచ్చింది. నాలుగోదానిలో, సరుకు మూడు కార్టన్లు అందాయి అన్నచోట అక్షరం క్రియ వెంట కాకుండా వాక్యం చివర పెట్టారు. లెక్క చెప్పేటప్పుడు అది క్రియ వెంటే ఉండాలి. చివరికి జరిపితే ఇప్పటికి మూడు అందాయి, ఇంకా రావాల్సినవి ఉన్నాయన్నట్టు వినబడుతుంది. నేను తప్పని గీత పెట్టబోతుంటే ఆమె ఆపి, "నిజంగానే ఇంకా రెండు రావాలి సార్" అన్నారు. ఆ మార్కు తిరిగిచ్చాను.

చెప్పాడు గురించిన పొరపాటు ఇప్పటికీ మానలేదు. తర్వాతి విద్యార్థులకు వరస మార్చాను. లేదు, తెలుసు-తెలిసింది ముందు చెప్పి, క్రియ వెంట వచ్చేదాన్ని నెల తర్వాతికి తోసి, ష్వోను మొదటివారంలోనే విడిగా కాపలా పెడుతున్నాను. మొన్న ఆదివారం పాఠం మొదలవకముందే ఆమె ఒక మెయిల్ ముక్క చదివి వినిపించారు. 'హ్వో తావ్ కాంగ్ ల.' ఖ్వాయ్ లేదు, యావ్ లేదు, పెన్సిల్ గీత పడలేదు. లారీ మాట్లాడారా అని అడిగాను. ఏజెంటుకు ఫోన్ చేశాక మాట్లాడానన్నారు.